ఎం.ఎస్. ఇనుము కొనేముందు, కోసేముందు: షెడ్డు, గేటు, ట్రాలీ చేయించేవారికి సమగ్ర మార్గదర్శి

మిర్యాలగూడలో ధాన్యం మిల్లుకు ఎలివేటర్ బిగించినా, షాద్‌నగర్ దగ్గర కోళ్ల షెడ్డు లేపినా, దేవరకొండ వైపు బత్తాయి తోటకు గేటు పెట్టినా పని నడిచేది ఒకే లోహంతో. వర్క్‌షాపులో దాన్ని ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మెత్తని ఉక్కు) అంటారు, ఇంట్లో ఇనుము అంటారు, పాఠ్యపుస్తకంలో తక్కువ కార్బన్ ఉక్కు అంటారు. చేయించుకునేవారు మాత్రం రెండే ప్రశ్నలు అడుగుతారు: కిలో ఎంత, ఎప్పటికి ఇస్తారు? ఏ రకం, ఎంత మందం, చెప్పిన మందం నిజంగా ఉందా అని అడిగేవారు తక్కువ. డబ్బు చేజారేది అక్కడే. షెడ్డు వేయించే రైతుకైనా, వెల్డింగ్ నేర్చుకుంటున్న కుర్రాడికైనా ఈ మూడో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

మొదట దాని స్వభావం తెలుసుకోండి

ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కార్బన్ కలిసినది. ఆ కార్బన్ 0.3 శాతం లోపు ఉంటే తక్కువ కార్బన్ ఉక్కు. మనం రోజూ వాడే ఎం.ఎస్.లో అది సాధారణంగా 0.15 నుంచి 0.25 శాతం వరకు ఉంటుంది. అంటే కిలో ఉక్కులో రెండున్నర గ్రాములు కూడా మించదు. ఈ కాస్త కార్బనే లోహం నడతను నిర్ణయిస్తుంది. కార్బన్ పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, వంగే గుణం తగ్గుతుంది, వెల్డింగ్ కష్టమవుతుంది. తగ్గేకొద్దీ ఉక్కు మెత్తబడుతుంది, చెప్పినట్టు వంగుతుంది, చక్కగా అతుకుతుంది.

మెత్తనిదంటే నాసిరకం అనుకోకండి. షెడ్డు స్తంభం మీద మోయలేనంత బరువు పడితే గట్టి ఉక్కు హఠాత్తుగా విరుగుతుంది. మెత్తని ఉక్కు ముందు వంగి, కింద ఉన్నవారు బయటపడే వ్యవధి ఇస్తుంది. ఇళ్లకూ వంతెనలకూ దీన్నే వాడటానికి పెద్ద కారణం ఇదే.

భారత ప్రమాణం ఐ.ఎస్. 2062లో ఈ250 అనే గ్రేడు ఉంది. బజారులో దొరికే యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ), చానెల్ (సి ఆకారపు దూలం), ప్లేటు సరైనవైతే ఈ గ్రేడుకు చెందినవే. దీనికి సంబంధించి మూడు అంకెలు గుర్తుంచుకోండి: 250, 410, 23. చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల బలం వరకు లాగి వదిలితే లోహం మళ్లీ తన పొడవుకు వస్తుంది. అది దాటితే శాశ్వతంగా సాగిపోతుంది. 410 దగ్గర తెగే స్థితికి చేరుతుంది. తెగేలోపు పరీక్ష ముక్క కనీసం 23 శాతం సాగాలి. లెక్క కట్టి చూస్తే, 10 మిల్లీమీటర్ల సాదా కడ్డీకి సుమారు 2 టన్నులు వేలాడదీసినా శాశ్వతంగా సాగదు, తెగాలంటే మూడు టన్నులు దాటాలి. ఇది పరీక్షశాల లెక్క. అసలు పనిలో ఇందులో సగానికి కాస్త అటూ ఇటూ మాత్రమే నమ్ముకోవాలి.

నీళ్లలో ముంచి గట్టిపరచడం దీనితో కుదరదు. ఎర్రగా కాల్చి చల్లార్చినా కొడవలికి పదును నిలిచేంత గట్టిదనం రాదు, అందుకు సరిపడా కార్బన్ దీనిలో లేదు. ఊళ్లో కమ్మరి కొడవలికి ఎం.ఎస్. పట్టీ తీసుకోకుండా పాత లారీ కమాను పట్టీ కోసం వెతికేది అందుకే.

రెండో పని: ఆ వస్తువు ఏ కష్టం పడబోతోందో రాసుకోండి

దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. చేయించబోయే వస్తువు వంగాలా, బరువు మోయాలా, రాపిడికి అరగాలా, తడిలో నిలవాలా? ఏ రకం కొనాలో ఈ జవాబులే చెబుతాయి.

బాగా సాగదీసి ఆకారం తీసుకురావాల్సిన వస్తువులకు కార్బన్ 0.1 శాతం లోపు ఉండే రేకులు వాడతారు. మోటారు సైకిల్ పెట్రోలు ట్యాంకు, కారు తలుపు ఈ కోవలోవే. వంటింట్లో ఉండే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. నడుము చుట్టూ ఒకే ఒక వెల్డింగ్ గీత కనిపిస్తుంది. రెండు గుండ్రటి బిళ్లలను గిన్నెల్లా లోతుగా లాగి, ఎదురెదురుగా పెట్టి అతికించిన గుర్తు అది. మెత్తని ఉక్కు కాకపోతే ఆ లాగుడులోనే చిరిగిపోయేది.

బీరువాకు చల్లగా నొక్కి పలుచన చేసిన సీఆర్ రేకు కావాలి. అది నున్నగా ఉంటుంది, మందం సమంగా వస్తుంది, రంగు అందంగా పడుతుంది. దీని ప్రమాణం ఐ.ఎస్. 513. వేడిగా ఉన్నప్పుడే రోలర్ల మధ్య నొక్కిన హెచ్ఆర్ రేకు మీద నీలి నలుపు పొలుసు ఉంటుంది. ట్రాలీ అడుగుకు, తొట్టెకు, హాపరుకు (సరుకు పోసే గరాటు లాంటి తొట్టెకు) ఇదే చాలు. సీఆర్ వేయడం దండగ.

షెడ్లకు, ఫ్రేములకు, ట్రాలీ చాసీలకు ఈ250 రకం యాంగిల్, చానెల్, పైపు సరిపోతాయి. బరువు తగ్గించాలనుకునే పెద్ద కట్టడాలకు ఈ350 ఉంది. కార్బన్ పెంచకుండానే నియోబియం, వనాడియం వంటివి చిటికెడు కలిపి ఇలాంటి ఉక్కుకు బలం తెస్తారు. అయితే ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. బలం ఎక్కువైనంత మాత్రాన వంపు తగ్గదు. కిందికి కుంగకుండా నిలిచే బిగువు అన్ని ఉక్కులకూ దాదాపు ఒకటే. కప్పు కింది పైపు కుంగుతోంటే ఖరీదైన గ్రేడు కొనడం వల్ల ఉపయోగం లేదు, పైపు నిలువు కొలత పెంచాలి. 50×50 పైపు బదులు అదే 2 మిల్లీమీటర్ల మందంలో 100×50 పైపును నిలువుగా పెడితే బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది, కుంగకుండా ఆపే శక్తి మాత్రం ఐదు రెట్లు దాటుతుంది. అడ్డంగా పడుకోబెట్టి బిగిస్తే ఈ లాభంలో చాలా భాగం పోతుంది. ఆ పొరపాటు రోడ్డు పక్క షెడ్లలో తరచూ కనిపిస్తుంది.

ఇంటి స్లాబులో వేసే టీఎంటీ కడ్డీ కూడా ఈ కుటుంబానిదే. రోలింగ్ నుంచి ఎర్రగా వచ్చిన కడ్డీ మీద నీళ్లు చిమ్మి పైపొరను గట్టిపరుస్తారు. లోపలి భాగం మెత్తగానే మిగులుతుంది. ప్రమాణం ఐ.ఎస్. 1786. ఎఫ్‌ఈ 500 రకంలో కార్బన్ 0.30 శాతం వరకు ఉండవచ్చు, తెగేలోపు 12 శాతం సాగితే చాలు. పక్కన ‘డి’ అక్షరం ఉన్న 500డి రకంలో కార్బన్ 0.25కు మించకూడదు, 16 శాతం సాగాలి, గంధకం, భాస్వరం కూడా తక్కువ ఉండాలి. ధరలో తేడా స్వల్పమైతే 500డి తీసుకోండి. టీఎంటీని గ్యాస్ మంటతో కాల్చి వంచితే, కష్టపడి తెచ్చిన ఆ పైపొర గుణం ఆ చోట పోతుంది. చల్లగానే, తగిన డై మీద వంచాలి.

లేతు మీద వేగంగా తిప్పి చిన్న నట్లు, పిన్నులు చేయడానికి గంధకం కలిపిన ఉక్కు ఒకటుంది. అది కోతకు బాగా లొంగుతుంది కానీ వెల్డింగ్‌కు పనికిరాదు, అతుకు చీలుతుంది. గేర్లకు, చెయిన్ పిన్నులకు 0.15 శాతం కార్బన్ ఉన్న ఉక్కు తీసుకుని, బొగ్గు పొడి మధ్య 900 డిగ్రీలకు పైగా గంటల తరబడి ఉంచి పైచర్మంలోకి కార్బన్ ఎక్కిస్తారు. ఆ తర్వాత ఒక్కసారిగా చల్లారిస్తే పైన అరగని గట్టిదనం, లోపల విరగని మెత్తదనం రెండూ దక్కుతాయి.

మూడో పని: కాటా దగ్గర లెక్క

గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుందని మొదట గుర్తుంచుకోండి. 14 గేజ్ అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, 16 గేజ్ 1.6, 18 గేజ్ 1.2, 20 గేజ్ 0.9. కొనేటప్పుడు గేజ్‌లో కాకుండా మిల్లీమీటర్లలో అడగండి, బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత లెక్క. ఉక్కు ఘనమీటరు బరువు 7,850 కిలోలు. అంటే ఒక చదరపు మీటరు రేకు, ప్రతి మిల్లీమీటరు మందానికీ 7.85 కిలోలు. ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల 3 మిల్లీమీటర్ల రేకు 70 కిలోల దగ్గర తూగాలి. గుండ్రటి కడ్డీకి ఇంకా సులువైన సూత్రం ఉంది: వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలోలు, 8 మిల్లీమీటర్లది 0.395.

చదరపు పైపుకు భుజంలోంచి మందం తీసేసి, నాలుగుతో, మళ్లీ మందంతో గుణించి, వచ్చినదాన్ని 0.00785తో గుణించండి. 50×50 పైపు, 2 మిల్లీమీటర్ల మందం అయితే మీటరుకు 3 కిలోలు. ఆరు మీటర్ల నిడివి 18 కిలోలు. మూలలు గుండ్రంగా ఉంటాయి కనుక అరకిలో అటూ ఇటూ. అదే పైపు 14.6 కిలోలే తూగితే మీ చేతికి వచ్చింది 1.6 మిల్లీమీటర్ల సరుకు. చూపుకు తేడా తెలియదు, రంగు వేశాక అసలే తెలియదు. కిలో లెక్కన కొన్నారు కాబట్టి డబ్బులో మోసం జరగలేదనిపిస్తుంది. కానీ మీ షెడ్డు ఐదో వంతు బలహీనమైంది. మొత్తానికి ఒక ధర మాట్లాడుకుని చేయించేవారికైతే డబ్బు నష్టం కూడా తోడవుతుంది. అందుకే ఒక నిడివిని పక్కకు తీయించి తూకం వేయించండి, చివర మందాన్ని వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలవండి. దుకాణదారు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

నీళ్ల పైపులకైతే చూపుతోనే కొంత తెలుస్తుంది. ఐ.ఎస్. 1239 పైపు మీద పసుపు పట్టీ ఉంటే తేలిక రకం, నీలం అయితే మధ్యస్థం, ఎరుపు అయితే బరువు రకం.

ఐ.ఎస్.ఐ. గుర్తు కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు సంఖ్య ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరికి, ఏ సరుకుకు ఇచ్చారో తెలుస్తుంది. పెద్ద మొత్తంలో కొంటే ఉక్కు మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం అడగండి. ఈ250 ‘ఏ’ రకానికి కార్బన్ 0.23, గంధకం 0.045, భాస్వరం 0.045 శాతం మించకూడదు. తుక్కు కరిగించి కడ్డీలు తీసేచోట గంధకం, భాస్వరాలను సరిగా తొలగించకపోతే ఉక్కు పెళుసుబారుతుంది. పత్రంలో మొదట చూడవలసింది ఆ రెండు అంకెలనే.

పాత ఇనుము కొట్లో అయితే

కాగితాలు లేనిచోట గ్రైండరే పరీక్షశాల. కాస్త నీడగా ఉన్నచోట ముక్కను చక్రానికి ఆనించి నిప్పురవ్వలను గమనించండి. తక్కువ కార్బన్ ఉక్కుకు రవ్వలు గడ్డిపరకల రంగులో, పొడవాటి గీతలుగా దూరం దాకా పోతాయి, చివర ఒకటి అరా మాత్రమే చిట్లుతాయి. కమాను పట్టీని ఆనిస్తే గీత సగంలోనే గుబురుగా పువ్వులు విచ్చుకుంటాయి. పోత ఇనుముకు రవ్వలు ఎర్రగా, పొట్టిగా ఉంటాయి. తెలిసిన ఎం.ఎస్. ముక్కనొకదాన్ని పక్కన పెట్టుకుని పోల్చితే కన్ను త్వరగా అలవాటుపడుతుంది.

అనుమానం తీరకపోతే కమ్మరి పరీక్ష చేయండి. చిన్న ముక్కను కొలిమిలో బాగా ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి. వైసుకు బిగించి సుత్తితో కొట్టండి. వంగితే మెత్తనిది, టక్కున విరిగితే కార్బన్ ఎక్కువ. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు. అయస్కాంతంతో మాత్రం ఏమీ తేలదు, అది రెండింటికీ అంటుకుంటుంది.

రైలు పట్టా, కమాను పట్టీ, పాత యాక్సిల్ ముక్కలను చవకగా వచ్చాయని ఫ్రేములో కలిపి మామూలు రాడ్డుతో అతికిస్తే, అతుకు పక్కనే సన్నని పగులు పుడుతుంది. వెంటనే కనబడదు. ట్రాలీ నిండా ఇసుకో వడ్లో ఎక్కినప్పుడు బయటపడుతుంది.

అతుకు పని

మెత్తని ఉక్కుకున్న పెద్ద సుగుణం వెల్డింగ్‌కు పెద్దగా బతిమాలించుకోకపోవడం. మామూలు షెడ్డు, గేటు పనులకు 6013 రకం రాడ్డు చాలు. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15 రాడ్డుకు 90 నుంచి 130 దాకా పెట్టవచ్చు. రాడ్ల పెట్టె మీద ముద్రించిన అంకెలే తుది మాట. 2 మిల్లీమీటర్ల పైపుకు లావు రాడ్డు పెడితే చిల్లి పడుతుంది. ఊళ్లో వోల్టేజీ పడిపోయినప్పుడు అతుకు పైపైన పేరుకుని లోపలికి దిగదు. చిప్పింగ్ సుత్తితో పొలుసు రాల్చి చూడండి. అతుకు అంచు లోహంలోకి కలిసిపోయినట్టు ఉండాలి, పైన కూర్చున్నట్టు ఉండకూడదు.

పనిక్రమం ఇది. ముందు అతుకు చోట రంగు, నూనె, తుప్పు గీకేయాలి. ఫ్రేమును నేల మీద పరిచి మూలమట్టం, కర్ణాలు సరిచూసి, నాలుగు మూలలా చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టాలి. మళ్లీ కర్ణాలు కొలిచాకే పూర్తి అతుకు మొదలుపెట్టాలి. ఒకే వైపు ఏకబిగిన పోతే వేడికి గేటు మెలిక తిరుగుతుంది, అందుకే ఒక మూల తర్వాత ఎదురు మూలకు వెళ్లాలి. త్వరగా చల్లారాలని అతుకు మీద నీళ్లు పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. మెత్తని ఉక్కు దాన్ని చాలావరకు భరిస్తుంది, కార్బన్ కాస్త ఎక్కువున్న ముక్క భరించదు. అలవాటు మానడమే మేలు.

20 మిల్లీమీటర్లు దాటిన ప్లేట్లకు, అదిరే యంత్రాల పునాది ఫ్రేములకు 7018 రాడ్డు వాడండి. దానికి తేమ పగ. వాడేముందు తయారీదారు చెప్పినట్టు ఓవెన్‌లో ఆరబెట్టాలి. జి.ఐ. పైపు అతికించేముందు ఆ చోట జింకు పూత గీకేయండి, గాలి ఆడేచోట పనిచేయండి. జింకు పొగ పీల్చితే ఆ రాత్రే జ్వరం, వణుకు వస్తాయి.

ఎండ, గాలి, నిప్పు

నల్గొండ ఎండ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. 30 మీటర్ల పొడవున్న షెడ్డులో ఉక్కు 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 14 మిల్లీమీటర్లు సాగుతుంది. పొడవాటి దూలాలకు ఒక చివర బోల్టు రంధ్రం కోలగా ఉంచితే ఆ సాగుడుకు చోటు దొరుకుతుంది. రెండు వైపులా గోడల్లో బిగదీసి కట్టేస్తే గోడ పగులుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులకు కోళ్ల షెడ్లు లేచిపోవడం చూస్తూనే ఉంటాం. గాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకి కూడా లాగుతుంది. రేకుల అంచుల దగ్గర హుక్ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి. స్తంభం అడుగున ప్లేటు, కాంక్రీటులోకి దిగిన బోల్టులు ఉండాలి. పెద్ద షెడ్డు అయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకిచ్చే రుసుము వృథా కాదు.

పత్తి జిన్నింగ్ మిల్లుల వారికి ఒక మాట. ఉక్కు మండదు గానీ 600 డిగ్రీల దగ్గర సగానికి పైగా బలం కోల్పోతుంది. ఇనుప షెడ్డుకు నిప్పు భయం లేదనుకోవద్దు.

తుప్పు: అసలు శత్రువు

తక్కువ కార్బన్ ఉక్కుకు తుప్పును ఆపే శక్తి స్వతహాగా లేదు. నీళ్లు, గాలి రెండూ ఉంటే చాలు. లవణాలు తోడైతే వేగం పెరుగుతుంది. ఎరువుల గోదాము, పశువుల కొట్టం, కోళ్ల షెడ్డు, ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరి తగిలే చోటు ముందు దెబ్బతింటాయి.

రంగు ఎంత ఖరీదైనదన్నది తర్వాతి సంగతి, కింద ఎంత శుభ్రం చేశారన్నదే ముఖ్యం. హెచ్ఆర్ సరుకు మీద నీలి నలుపు పొలుసు రంగుకు మంచి నేలలా కనిపిస్తుంది, కానీ ఏడాదికో రెండేళ్లకో రంగుతో సహా ఊడిపోతుంది. వైరు బ్రష్షు, ఎమెరీ, గ్రైండరు దేనితోనైనా సరే తీసేయండి. అదే రోజు ప్రైమర్ వేయండి, తెల్లారేదాకా వదిలితే మంచుకే తుప్పు మొదలవుతుంది. దాని మీద రెండు పూతల ఎనామెల్. అతుకుల దగ్గర పొలుసు పూర్తిగా రాల్చాకే ప్రైమర్.

జి.ఐ. రేకు కొంటే పూత బరువు అడగండి. 120 గ్రాముల పూతకూ 275 గ్రాముల పూతకూ ఆయుష్షులో చాలా తేడా. 275 అన్నది చదరపు మీటరుకు రెండు వైపులా కలిపిన జింకు బరువు, వైపుకు 20 మైక్రాన్ల లోపే. కోసిన అంచులకు, రంధ్రాలకు జింకు రంగు పూయాలి.

స్తంభం మొదట తినబడేది నేల కలిసేచోట. కాంక్రీటు దిమ్మెను నేలకు అర అడుగు పైకి లేపి, పైభాగం నలువైపులా వాలుగా ఉంచండి. పైపుల పై చివరలు మూత లేకుండా వదిలితే వాననీళ్లు లోపల నిలిచి, బయట రంగు నిగనిగలాడుతూ ఉండగానే లోపలి నుంచి కొరికేస్తాయి.

ఎక్కడ వద్దు

రోటవేటర్ బ్లేడు, నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి, స్ప్రింగు: వీటిలో దేనికీ ఎం.ఎస్. వద్దు. సాగర్ ఆయకట్టులో దమ్ముకు వాడే కేజ్‌వీల్స్‌కు (ట్రాక్టరు ఇనుప చక్రాలకు) మాత్రం ఎం.ఎస్. యాంగిల్, పట్టీ సరైనవే. బురదలో రాపిడి తక్కువ, రాయి తగిలితే వంగుతుంది, మళ్లీ కొట్టి సరిచేసుకోవచ్చు. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు ఎలాగూ పాడవుతుంది, చక్రం పట్టీలు కూడా త్వరగా అరుగుతాయి.

ఇసుక, కంకర రాసుకుపోయే హాపర్లలోనూ ఇది త్వరగా అరుగుతుంది. మొత్తం మందం పెంచే బదులు, రాపిడి తగిలే చోట మాత్రం మార్చుకోవడానికి వీలుగా ఒక ప్లేటు బోల్టులతో బిగించండి. ట్రాలీ హుక్కు పిన్ను అరిగి సన్నబడితే వెల్డింగ్ ముద్దతో లావు చేయించొద్దు, కొత్తది వేయించండి. దాని వెలకూ, రోడ్డు మీద ట్రాలీ విడిపోతే జరిగే నష్టానికీ పోలికే లేదు.